ఇంటి షెడ్డుకు హైడ్రాలిక్ ప్రెస్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అయ్యా, పదేళ్లు దాటిన కారు నాది. ఆయిల్ మార్చడం, బ్రేక్ ప్యాడ్లు వేసుకోవడం వంటి పనులు ఇంటి దగ్గరే చేసుకుంటాను. ఇప్పుడు ముందు చక్రం బేరింగు మోగుతోంది, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది నుంచి బండికి కలిపే చేయి) రబ్బరు బుష్‌లు కూడా పగిలాయి. బేరింగు నకిల్‌లోకి (చక్రాన్ని మోసే లోహపు దిమ్మెలోకి) ప్రెస్ కొట్టి ఎక్కించే రకమని మెకానిక్ చెప్పాడు. సొంతంగా ఒక హైడ్రాలిక్ ప్రెస్ (ఆయిల్ ఒత్తిడితో నొక్కే యంత్రం) కొందామని రాణీగంజ్‌లో విచారిస్తే 6 టన్నుల నుంచి 50 టన్నుల దాకా చూపించారు. ఎంత పెద్దదైతే అంత మంచిదని దుకాణదారు అంటున్నారు. ఏది తీసుకోమంటారు?
– ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: కొనే ముందు ఒక లెక్క వేసుకోండి. మీకున్నది ఒకే కారు, ఈ రెండు పనులు అయిపోతే మళ్లీ నాలుగైదేళ్ల వరకు ప్రెస్‌తో అవసరం రాదు అనుకుంటే, నకిల్‌ను, ఆర్మ్‌ను మీరే విప్పుకొని ప్రెస్ ఉన్న లేత్ షాపుకు పట్టుకుపోవడమే తెలివైన పని. కొన్ని వందల రూపాయలతో గంటలో పని పూర్తవుతుంది. ఇంట్లో రెండు మూడు వాహనాలుండి, బంధువుల బండ్లు కూడా మీ షెడ్డుకే వస్తూ, నేల గట్టిగా ఉన్న చోటు ఒకటి దానికి శాశ్వతంగా కేటాయించగలిగితే అప్పుడు కొనండి. ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. ఈ మధ్య కాలపు చాలా కార్లలో బేరింగు, చక్రం బిగించే హబ్బు ఒకే ముక్కగా వచ్చి నకిల్‌కు బోల్టులతో బిగుస్తాయి. అటువంటి వాటికి ప్రెస్సే అక్కర లేదు. మీ కారు ఆ రకం కాదని మెకానిక్ చెప్పారు కాబట్టి ముందుకు వెళదాం.

ఇంటి పనికి 20 టన్నుల ప్రెస్ సరిపోతుందని నా అభిప్రాయం. శుభ్రం చేసిన రంధ్రంలోకి కొత్త బేరింగు దిగడానికి సాధారణంగా రెండు మూడు టన్నులే పడతాయి. ఆ లెక్కన 6 టన్నుల బల్ల ప్రెస్ చాలుననిపిస్తుంది. అయితే కష్టమంతా ఎక్కించడంలో కాదు, ఊడదీయడంలో ఉంది. పదేళ్ల వాన నీరు, బురద చేరి తుప్పు పట్టిన బేరింగు దానికి మూడు నాలుగు రెట్ల బలం అడుగుతుంది, ఒక్కోసారి పది టన్నులు దాటినా కదలదు. పైగా చిన్న ప్రెస్‌ల చట్రం కూడా ఇరుకు. నకిల్ అనేది చేతులు, చెవులు నాలుగు దిక్కులా పొడుచుకు వచ్చిన వంకర వస్తువు. స్తంభాల మధ్య సుమారు అర మీటరు వెడల్పు లేకపోతే దానిని సమంగా కూర్చోబెట్టడమే కుదరదు. ఇక 50 టన్నులది కొంటే డబ్బు, స్థలం వృథా కావడమే కాదు, భాగం విరిగే దాకా చేతికి ఏ హెచ్చరికా అందదు. కారు పనిలో అంత బలం అవసరమైందంటే ఎక్కడో బేరింగును పట్టి ఉంచే లాక్ రింగు తీయడం మరిచిపోయారనే అనుమానించాలి.

టన్నుల అంకె చూసి మాత్రం మోసపోకండి. అది చాలా సందర్భాలలో లోపల కూర్చున్న జాకీ సామర్థ్యం మాత్రమే, చట్రం దానిని తట్టుకుంటుందో లేదో ఆ అంకె చెప్పదు. దుకాణంలోనే ఒక చిన్న పరీక్ష చేయించండి. బల్ల మధ్యలో గట్టి ఉక్కు దిమ్మె ఒకటి పెట్టించి, సామర్థ్యంలో సగం వరకు పంపు కొట్టించి, పక్కకు వంగి పై దూలం అంచును ఒక కంటితో చూడండి. అంచు విల్లులా వంగితే, లేదా రామ్ (కిందికి దిగి నొక్కే కడ్డీ) ఒక పక్కకు ఒరిగి దిమ్మె అంచు మీదే ఆనితే ఆ ప్రెస్ వద్దు. ఒత్తిడి వదిలాక రామ్ స్ప్రింగుల బలంతో తనంతట తాను పైకి వెళ్లాలి. బల్లను మోసే పిన్నులు చేతితో సులువుగా దూరాలి, కానీ రంధ్రాలలో లొడలొడలాడకూడదు. ప్రెజర్ గేజ్ ఉన్నదే తీసుకోండి. అది అలంకారమని కొందరు తీసిపారేస్తారు గాని, ముల్లు పెరుగుతూ ఉన్నా భాగం కదలకపోతే ఆగమని చెప్పేది అదొక్కటే.

బాటిల్ జాకీ లోపలే ఉండే రకానికి, పంపు పక్కన విడిగా ఉండి గొట్టం ద్వారా పై సిలిండరుకు ఆయిల్ పంపే రకానికి ధరలో తేడా ఉంటుంది. డబ్బు సర్దుకోగలిగితే రెండోది తీసుకోండి. మొదటి రకంలో జాకీతో పాటు పిడి కూడా కిందికి దిగుతూ ఉంటుంది కనుక పని చేస్తున్నంత సేపూ చేయి స్థిరంగా నిలవదు, కన్ను బేరింగు అంచు మీద ఉండవలసినప్పుడు పిడి వెంట పోతుంది.

ప్రెస్‌కు పెట్టే ఖర్చులో కొంత భాగం నొక్కడానికి వాడే రింగులకు, ఆసరాగా పెట్టే గిన్నెలకు మిగుల్చుకోండి. 72 మి.మీ. బేరింగును దించాలంటే రంధ్రానికి తగలకుండా బయటి రేసు (బేరింగు వెలుపలి ఉక్కు వలయం) మీద మాత్రమే ఆనే 71 మి.మీ. రింగు కావాలి, కింద నకిల్‌ను మోయడానికి పాత బేరింగు దూరిపోయేంత లావు గొట్టం ముక్క కావాలి. లేత్ మేస్త్రీ చేత మీ కారు కొలతలకు నాలుగైదు రింగులు తిప్పించుకుంటే జీవితకాలం ఉంటాయి. తీసేసిన పాత బేరింగు బయటి రేసును గ్రైండరుతో కొద్దిగా అరగదీసుకున్నా మంచి రింగుగా పనికొస్తుంది. ఇవి లేకుండా ప్రెస్ మాత్రమే కొన్నవారు చివరికి సాకెట్లు పెట్టి నొక్కి, వాటిని పగలగొట్టుకుంటున్నారు.

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో మాకు తెలిసిన వెల్డర్ ఒకరు 4 అంగుళాల ఛానళ్లతో (‘సి’ ఆకారపు ఉక్కు దూలాలతో) ప్రెస్ చట్రం చేసిస్తానంటున్నారు. 20 టన్నుల బాటిల్ జాకీ నేను కొనివ్వాలి. దానిని తలకిందులుగా పై దూలానికి వేలాడదీస్తారట. కొన్న దానికంటే ఇది గట్టిగా ఉంటుందని ఆయన హామీ. నమ్మవచ్చా?
– ఒక పాఠకురాలు, గుణదల

జవాబు: చట్రం చేయించుకోవడంలో తప్పేమీ లేదు. ఆటోనగర్‌లో అంతకంటే పెద్ద పనులు రోజూ జరుగుతూనే ఉంటాయి. అయితే మీ వెల్డర్ గారు చెప్పిన రెండు విషయాలూ మార్చవలసినవే.

ముందు జాకీ సంగతి. మామూలు బాటిల్ జాకీని తలకిందులు చేస్తే పనిచేయదు. అందులో పంపు ఆయిల్‌ను పీల్చుకునే దారి ట్యాంకు అడుగున ఉంటుంది. తిరగేస్తే ఆయిల్ అవతలి కొసకు జారి, ఆ దారి దగ్గర గాలి చేరుతుంది. పంపు గాలినే మింగుతుంది గాని రామ్ కదలదు. అందుకే తయారీ ప్రెస్‌లలో జాకీని కదిలే అడ్డ దూలం మీద నిటారుగానే నిలబెడతారు. జాకీ తల పై దూలాన్ని నెడుతుంది, జాకీ కూర్చున్న అడ్డ దూలం కిందికి దిగుతుంది, పని అయ్యాక రెండు పక్కల స్ప్రింగులు దానిని పైకి లాగుతాయి. మీ వెల్డర్ గారిని ఆ పద్ధతిలో చేయమనండి.

ఇక ఛానల్. స్తంభాల మధ్య 600 మి.మీ. దూరం ఉందనుకుందాం. మధ్యలో 20 టన్నులు, అంటే 196 కిలోన్యూటన్ల బలం పడితే దూలాన్ని వంచే ప్రభావం, అంటే వంపు మొమెంటు, 29.4 కిలోన్యూటన్ మీటర్లు వస్తుంది. 100 మి.మీ., అంటే 4 అంగుళాల, ఐ.ఎస్.ఎం.సి. (భారతీయ ప్రమాణపు మీడియం) ఛానల్ వంపును ఎంత తట్టుకుంటుందో చెప్పే సెక్షన్ మాడ్యులస్ 37.3 ఘన సెంటీమీటర్లు. రెండు ఛానళ్లు జత చేసినా లోహంలో ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు 394 న్యూటన్ల దాకా పోతుంది. మనకు బజారులో దొరికే మామూలు నిర్మాణపు ఉక్కు 250 దగ్గరే శాశ్వతంగా వంగడం మొదలుపెడుతుంది. అంటే ఆ దూలం మీ జాకీ పూర్తి బలం చూపకముందే లొంగిపోతుంది. 125 మి.మీ. ఛానళ్లు జతగా వేస్తే ఒత్తిడి 221కి దిగుతుంది, వంగకపోయినా భద్రతకు ఏమీ మిగలదు. 150 మి.మీ.వి, అంటే 6 అంగుళాలవి, జతగా వేస్తే 141కి వస్తుంది. పై దూలానికీ బల్లకూ ఇవే వేయించండి. స్తంభాలు లాగుడు బలాన్ని మాత్రమే మోస్తాయి కనుక అక్కడ 4 అంగుళాలవి చాలు. ఇప్పటికే 4 అంగుళాల దూలాలు కోయించేసి ఉంటే 10 టన్నుల జాకీతో సరిపెట్టుకోండి, 20 టన్నులది ఆ చట్రంలో ఎన్నడూ పెట్టకండి.

పిన్నుల దగ్గర మరింత జాగ్రత్త కావాలి. బల్లను రెండు పక్కలా ఒక్కో పిన్ను మోస్తే, ఒక్కో పిన్నుకు రెండు చోట్ల కోత బలం తగులుతుంది, ఒక్కో చోట 5 టన్నులు. 25 మి.మీ. కంటే సన్నని పిన్ను అంగీకరించకండి. పిన్ను నిలిచినా రంధ్రం సాగిపోవచ్చు, ఎందుకంటే ఈ ఛానల్ పలక మందం 5 మి.మీ. మాత్రమే. ప్రతి రంధ్రం చుట్టూ 10 మి.మీ. పలక ముక్క అతికించి, ఆ తరువాతే రెండు స్తంభాలనూ జత చేసి ఒకేసారి రంధ్రాలు వేయించాలి. విడివిడిగా వేస్తే బల్ల ఒక పక్కకు వాలుతుంది, వాలిన బల్ల మీద ఏ బేరింగూ తిన్నగా దిగదు.

ప్రశ్న: నేను డిప్లొమా మెకానికల్ విద్యార్థిని. చేత్తో పిడి ఊపితే 20 టన్నులు ఎలా వస్తాయో లెక్క చెప్పగలరా?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: ఒక ఉదాహరణ తీసుకో. పంపు ప్లంజరు (పిడి ఊపితే ఆయిల్‌ను నెట్టే సన్న కడ్డీ) వ్యాసం 12 మి.మీ., రామ్ వ్యాసం 60 మి.మీ. అనుకో. వ్యాసాల నిష్పత్తి 5, వైశాల్యాల నిష్పత్తి 25. పిడి వల్ల మరో 20 రెట్ల లాభం ఉంటే, చేతి బలం 40 కిలోలు ప్లంజరు దగ్గర 800 కిలోలై, రామ్ దగ్గర 20,000 కిలోలవుతుంది. ఘర్షణ వల్ల నిజంగా అందేది కొంత తక్కువే ఉంటుంది. ఇందులో ఉచితంగా వచ్చినదేదీ లేదు. పిడి కొన 400 మి.మీ. కదిలితే ప్లంజరు 20 మి.మీ. దిగుతుంది, రామ్ 0.8 మి.మీ. మాత్రమే ముందుకు పోతుంది. గుణించి చూస్తే రెండు వైపులా పని సమానమని తేలుతుంది. ఆ నిదానమే మనకు మేలు. సమ్మెట దెబ్బకు తెలియని తేడా, రామ్ ఒక మిల్లీమీటరు దిగేసరికి కంటికి తెలుస్తుంది.

సూత్రం పాస్కల్‌ది, దానితో ప్రెస్ కట్టి 1795లో పేటెంటు పొందినవాడు ఇంగ్లండుకు చెందిన జోసెఫ్ బ్రామా. ఆయనను వేధించిన చిక్కు రామ్ పక్కలనుంచి నీరు కారిపోవడం. ఒత్తిడి పెరిగినకొద్దీ తనంతట తాను బిగుసుకునే తోలు పట్టీని ఆయన దగ్గర పనిచేసిన హెన్రీ మాడ్‌స్లీ అమర్చాకనే ఆ చిక్కు తీరింది. ఈనాటి రబ్బరు సీలు చేసేదీ ఆ పనే. పై ఉదాహరణలో లోపలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 700 కిలోలు, కారు టైరులో మనం పట్టించే 33 పాయింట్ల గాలికి దాదాపు మూడు వందల రెట్లు. కనుక గొట్టం చెమ్మగిల్లినట్లు కనిపిస్తే వేలితో తడిమి చూడకు. సూది మొనంత రంధ్రంనుంచి వచ్చే ధార కూడా చర్మంలోకి దూరిపోతుంది. అట్టముక్కతోనే వెతకాలి, ఒత్తిడి పూర్తిగా వదిలాకనే చేయి పెట్టాలి.

ప్రశ్న: మేము అమెరికాలో డెట్రాయిట్ దగ్గర నోవైలో ఉంటున్నాము. ఇక్కడ కూలి ఖర్చు భరించలేక 20 టన్నుల ప్రెస్ కొని గరాజ్‌లో పెట్టుకున్నాను. మా పాత హోండా సివిక్ ముందు బేరింగు ఊడేటప్పుడు తుపాకి పేలినట్టు శబ్దం వచ్చి గుండె ఆగినంత పనైంది. ఎలాగో కొత్తది ఎక్కించాను గాని, రెండు వారాలకే అదీ మోగుతోంది. ఎక్కడ పొరపాటు జరిగిందంటారు?
– ఒక పాఠకుడు, మిషిగన్

జవాబు: ఆ శబ్దం తుప్పు పట్టు ఒక్కసారిగా విడిచినప్పుడు వచ్చేది. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే ప్రాంతంలో అది మామూలే. మన దగ్గర కాకినాడ, మచిలీపట్నం బండ్లలో కూడా కొంతవరకు ఇది కనిపిస్తుంది. శబ్దం కంటే ఆ క్షణంలో ఎగిరివచ్చే ముక్క ప్రమాదం. బేరింగు ఉక్కులో కార్బను ఒక శాతం, క్రోమియం ఒకటిన్నర శాతం ఉండి, దానిని బాగా గట్టిపరుస్తారు. అది వంగదు, పగిలి తూటాలా వస్తుంది. కొన్ని ప్రెస్‌లతో ఇచ్చే పోత ఇనుము పలకలు కూడా అంతే, వాటి స్థానంలో మందపాటి మైల్డ్ స్టీలు దిమ్మెలు పెట్టుకోండి. ముఖానికి పూర్తి కవచం వేసుకొని, నొక్కే భాగం చుట్టూ ఉక్కు గొట్టం ముక్క నిలిపి, ప్రెస్‌కు ఎదురుగా కాక స్తంభం పక్కన నిలబడి పంపు కొట్టండి. ముల్లు 12 టన్నులు దాటినా కదలిక లేకపోతే ఆపి, ఒత్తిడి తగ్గించి, తుప్పు వదిలించే ఆయిల్ పోసి, నకిల్‌ను వేడి చేసి మళ్లీ ప్రయత్నించాలి. ఒత్తిడిలో ఉంచి భోజనానికి వెళ్లడం వంటి పనులు వద్దు.

ఇక కొత్త బేరింగు మోగడానికి కారణం చాలావరకు నొక్కిన చోటే. నకిల్‌లోకి బేరింగును దించేటప్పుడు బలం బయటి రేసు మీదనే పడాలి. తరువాత ఆ బేరింగులోకి హబ్బును దించేటప్పుడు కింద లోపలి రేసుకు ఆసరా ఇవ్వాలి. ఈ రెండో దగ్గరే ఎక్కువమంది నకిల్‌ను బల్ల మీద బోర్లించి, కింద ఏ ఆసరా లేకుండా హబ్బును నొక్కేస్తారు. అప్పుడు ఆ టన్నుల బలమంతా లోపలి రేసునుంచి గుండ్ల మీదుగా బయటి రేసుకు పోతుంది. ప్రతి గుండూ రేసు మీద కంటికి కనిపించీ కనిపించని చిన్న గుంట పెడుతుంది. చక్రం తిరిగినప్పుడల్లా గుండ్లు ఆ గుంటల మీదుగా పోతూ చేసే చప్పుడే మీరు వింటున్నది. ఇది సర్దుకునేది కాదు, బేరింగు మళ్లీ మార్చవలసిందే.

వేసవిలో పని చేస్తుంటే బేరింగును ముందురోజు రాత్రి ఫ్రీజరులో ఉంచండి. ఉక్కు ఒక డిగ్రీకి మీటరుకు 12 మైక్రాన్ల చొప్పున కుదించుకుంటుంది. ఇక్కడ రోహిణి కార్తెలో 40 డిగ్రీల షెడ్డులో ఉన్న 72 మి.మీ. బేరింగు మైనస్ 18కి దిగితే సుమారు 0.05 మి.మీ. సన్నబడుతుంది, బిగుతు కూడా దాదాపు అంతే కాబట్టి పని సగం తేలికవుతుంది. మీ ఊళ్లో జనవరిలో గరాజే ఫ్రీజరు కాబట్టి బేరింగును చల్లబరిచే కంటే నకిల్‌ను వేడి చేయడం లాభం. రంధ్రం అంచులోని తుప్పును సన్నని ఎమరీతో తీసి, లాక్ రింగు గాడిని సూదితో గీకి, బేరింగు వెలుపల పలచగా నూనె రాసి మొదలుపెట్టండి. మొదటి రెండు మూడు పంపులకు ఆగి, రంధ్రం అంచుకూ బేరింగు అంచుకూ మధ్య ఖాళీ చుట్టూ సమంగా ఉందో లేదో టార్చి వేసి చూడండి. ఒక పక్క వెంట్రుక మందం తేడా కనిపించినా వెనక్కి తీసి మళ్లీ పెట్టాలి, నొక్కితే సర్దుకుంటుందని అనుకోకూడదు.

ఏ.బి.ఎస్. ఉన్న చాలా కార్లలో బేరింగుకు ఒక వైపు సీలులో అయస్కాంత పట్టీ ఉంటుంది, అది సెన్సరు వైపు రావాలి. తిరగేసి ఎక్కిస్తే మీటరులో ఏ.బి.ఎస్. దీపం ఆరదు. యాక్సిల్ నట్టు కొత్తది వేసి, మాన్యువల్‌లో చెప్పిన టార్కుకు బిగించాకనే చక్రాన్ని నేల మీద దించండి. ఆ బిగింపే రెండు లోపలి రేసులనూ కలిపి పట్టి ఉంచుతుంది. అది లేకుండా బండిని నాలుగడుగులు తోసినా కొత్త బేరింగు చెడిపోవచ్చు.

ప్రశ్న: ప్రెస్ జాకీలో ఆయిల్ తగ్గింది. ఇంట్లో ఉన్న బ్రేక్ ఆయిల్ పోయవచ్చా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: పోయకండి. బ్రేక్ ఆయిల్ అని మనం పిలిచేది గ్లైకాల్ ద్రవం, దానికి తగిన రబ్బరు వేరు. జాకీ సీళ్లు ఖనిజ నూనెకు తగినవి, బ్రేక్ ఆయిల్ తగిలితే ఉబ్బి మెత్తబడతాయి. 32 లేదా 46 గ్రేడు హైడ్రాలిక్ ఆయిల్ కొని, రామ్‌ను పూర్తిగా లోపలికి దించి, నింపే రంధ్రం అంచు దాకా పోయండి. ఇప్పటికే పోసి ఉంటే మొత్తం ఒంపేసి, సీళ్లు కొత్తవి వేయించుకోక తప్పదు.

ప్రశ్న: లోయర్ ఆర్మ్ బుష్ నొక్కుతుంటే బుష్ దిగకుండా ఆర్మ్ చెవులే లోపలికి వంగాయి. ప్రెస్ ఎక్కువైందా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ప్రెస్ ఎక్కువ కాలేదు, ఆసరా తక్కువైంది. చాలా కార్ల లోయర్ ఆర్మ్‌లు రేకును మడిచి చేసినవి. బుష్ కూర్చునే గొట్టం చుట్టూ లోపల ఖాళీ ఉంటుంది. నొక్కేటప్పుడు కింద గొట్టం అంచుకు మాత్రమే ఆనేలా గిన్నె పెట్టాలి. రెండు చెవుల మధ్య ఖాళీ ఉంటే, ఆ కొలతకే కోసిన, నిలువునా చీల్చిన గొట్టం ముక్కను ఇరికించి నొక్కాలి. వంగిన ఆర్మ్‌ను తిన్నగా కొట్టి వాడకండి, మార్చేయండి, చక్రం నిలబడేది దాని మీదే.

పాత బుష్ తీసే ముందు అది ఏ కోణంలో కూర్చుందో, గొట్టం అంచునుంచి ఎంత బయటికి ఉందో కొలిచి ఆర్మ్ మీద గీత గీసుకోండి. కొన్ని బుష్‌లకు రబ్బరులో ఖాళీలు ఒక దిశలోనే ఉండాలి. కొత్త బుష్‌కు గ్రీజు, ఇంజిన్ ఆయిల్ రాయవద్దు, రబ్బరు పాడవుతుంది, సబ్బు నీళ్లు చాలు. ఆర్మ్ బండికి ఎక్కించాక బుష్ బోల్టులను చేతి బిగుతుతో వదిలి, చక్రాలు నేల మీద ఆని బండి బరువు పడ్డాకనే పూర్తిగా బిగించండి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి, కొన్ని నెలలకే చీలుతుంది.